నిండుకున్న కొట్టు

నేను ఒక ఇనుప షట్టర్ని. 1999 ఆగస్టు 20, వరలక్ష్మీ వ్రతం నాడు నాకు పసుపు రాసి బొట్టు పెట్టారు. ఆ పూట అందరూ పులిహోర, పూర్ణం బూరెలు తిన్నారు. వచ్చిన ఆడవాళ్ళకు నానబెట్టిన శెనగలు కొంగుల్లో పోశారు. నాకు గ్రీజు పెట్టారు. పండగ పూట ఎవరికి తగిన తిండి వాళ్ళకు పెట్టే ఇల్లు మంచిదేనని అప్పుడే అనుకున్నాను.

అది నా పుట్టినరోజు కాదు. నేను పుట్టింది అంతకు రెండేళ్ళ ముందు, ఊరి బయట ఒక రేకుల షెడ్డులో. సన్నటి ఇనుప పలకల అంచులు ఒకదాన్లో ఒకటి దూర్చి, చాప అల్లినట్టు నన్ను అల్లారు. పైన స్ప్రింగు పెట్టారు. చివరి పలక తొడిగాక మేస్త్రీ నన్ను ఒకసారి ఎత్తి, ఒకసారి దించి, "దీని పని ఇంతే" అన్నాడు. ఒకరి బతుకును అంత క్లుప్తంగా చెప్పగలిగినవాణ్ణి తర్వాత నేను చూడలేదు.

నా మొదటి యజమాని ఒక చీటీల కంపెనీ. గోదావరి కాలువ గట్టున ఉన్న మా పట్నంలో మునిసిపాలిటీ వాళ్ళ కాంప్లెక్సు ఒకటుంది. అందులో ఒక గది తీసుకుని నన్ను బిగించారు. మేనేజరు గారు పొద్దున్నే ఊరంతా వినపడేలా నన్ను ధడాలున ఎత్తేవారు. ఒక శనివారం సాయంత్రం మాత్రం చాలా మెత్తగా దించి వెళ్ళారు. సోమవారం జనం వచ్చారు. ముందు వేళ్ళతో తట్టారు, తర్వాత గుద్దారు, ఆ తర్వాత రాళ్ళు విసిరారు. పారిపోయినవాడి మీద కోపం వాడి తలుపు మీద తీర్చుకోవడం మనుషుల అలవాటు. ఆ సొట్టలు ఇప్పటికీ నా ఒంటి మీద ఉన్నాయి. చప్పుడు కాకుండా తలుపు వేసేవాళ్ళను నమ్మకూడదని అప్పుడు నేర్చుకున్నాను. నేర్చుకున్నది తప్పని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆ గదిని మహిళల కోటాలో వేలం వేసినప్పుడు మాణిక్యం అనే ఆవిడ పాడుకుంది. వరలక్ష్మీ వ్రతం నాడు నాకు పసుపు రాసింది ఆవిడే. భర్త పేరు కోటిలింగం. అంతవరకూ ఇద్దరూ తిరునాళ్ళలో, సంతల్లో తట్టలు పెట్టుకుని గాజులు అమ్మేవారు. కొట్టు లైసెన్సు ఆవిడ పేర, బోర్డు ఆవిడ పేర, నోరు కూడా ఆవిడదే. కోటిలింగానికి చేతులుండేవి. ఎంత బిరుసు చెయ్యినైనా మెల్లగా పిసికి, బొటనవేలు లోపలికి మడిచి, కబుర్లు చెబుతూ చెబుతూ గాజు మణికట్టు దాటించే చేతులు. చంటిపిల్లలు కూడా ఆయన చేతిలో ఏడ్చేవారు కాదు.

మాణిక్యం కొట్లో ఒక చట్టం ఉండేది. శాసనసభ చేసింది కాదు కాబట్టి అందరూ పాటించేవారు. గాజు పగిలితే పగిలింది అనకూడదు, పెరిగింది అనాలి. విన్నవాళ్ళు "మంచిదే" అనాలి. సరుకు అయిపోతే లేదు అనకూడదు, నిండుకుంది అనాలి. సాయంత్రం కొట్టు మూస్తే మూశాం అనకూడదు, కట్టేశాం అనాలి. ఇదేమీ ఆవిడ కనిపెట్టింది కాదు. బియ్యం డబ్బా దగ్గర, దీపం దగ్గర, మంగళసూత్రం దగ్గర తెలుగువాళ్ళ ఇళ్ళలో ఎప్పట్నుంచో ఉన్నదే. ఆవిడ దాన్ని పొల్లు పోకుండా అమలు చేసేది, అంతే.

ఒకసారి ఎవరో పెళ్ళివారు వచ్చి ఎర్ర గాజులు అడిగితే కోటిలింగం పరధ్యానంగా "లేవండి" అనేశాడు. మాణిక్యం వెంటనే చీపురు చూపించింది.

"ఏమన్నావ్?"

"నోరు జారిందే."

"ఎదురుగా పెళ్ళికూతురు కూర్చునుంటే లేవంటావా? నీకంతగా ఆ మాటలనాలనుంటే ఈదిలోకెళ్ళి అనుకునిరా. ఇక్కడనకు. కొట్టు ఇంటాది."

కోటిలింగం నిజంగానే వీధిలోకి వెళ్ళి, కుళాయి దగ్గర నోరు పుక్కిలించుకుని వచ్చాడు. పెళ్ళికూతురు నవ్వి నవ్వి రెండు డజన్లు ఎక్కువ తీసుకుంది.

కట్టేసే వేళ ఇంకొక పద్ధతి ఉండేది. కోటిలింగం బయట నిలబడి నన్ను సగం దించి ఆపేవాడు. లోపల మాణిక్యం దేవుడి దీపానికి దణ్ణం పెట్టుకుని, లైటు ఆర్పి, వంగి నా కింద నుంచి బయటికి వచ్చేది. ముందు గాజుల చప్పుడు వచ్చేది, తర్వాత ఆవిడ వచ్చేది. అప్పుడు ఆయన నా కింద అరచెయ్యి ఆనించి, గాజులు నిద్ర లేస్తాయేమో అన్నట్టు మెత్తగా కిందికి దించేవాడు. చీటీల మేనేజరు మీద నాకున్న కోపం మెల్లమెల్లగా అలా పోయింది.

ఇరవై ఏళ్ళు ఇలాగే గడిచాయి. తర్వాత మహమ్మారి వచ్చింది. పండగలకు కూడా నన్ను ఒక పూట ఎత్తే ఊరు, ఒక్క మాటతో నన్ను పూర్తిగా దించేసింది. నాకు పోలీసు కాపలా కూడా ఏర్పాటైంది. కొన్నాళ్ళకు సడలింపులు ఇచ్చి కొట్లు తెరుచుకోవచ్చన్నారు. కోటిలింగం తాళం తియ్యబోయి ఆగాడు. నేను చుట్ట చుట్టుకునే పైపెట్టెలో పిచ్చుక గూడు పెట్టింది. లోపల పిల్లలు అరుస్తున్నాయి. నన్ను ఎత్తితే గూడు నలిగిపోతుంది. ప్రభుత్వం తెరవమంది, మాణిక్యం వద్దంది. పిల్లలు ఎగిరిపోయేదాకా మొగుడూ పెళ్ళాం నా ముందు గొడుగు వేసుకుని, పాత రోజుల్లోలాగా ఇంటి దగ్గరున్న తట్టలు తెచ్చి పెట్టుకుని కూర్చున్నారు. ఆ నెలల్లో మా వీధిలో అనుమతి పత్రం లేకుండా కాపురం చేసింది ఆ పిచ్చుక ఒక్కటే.

మరుసటి ఏడు వైశాఖంలో జబ్బు మళ్ళీ వచ్చింది. ఈసారి ఇద్దరికీ జ్వరాలు వచ్చాయి. కోటిలింగం నన్ను దించి వెళ్ళాడు. వానలు పడినా ఎవరూ రాలేదు. ఆ వానల్లో గోడలు చెమ్మగిల్లి, చెక్క అరలకు చెదలు పట్టాయి. ఒక మధ్యాహ్నం అరలన్నీ ఒక్కసారిగా ఒరిగి, గాజుల పెట్టెలు నేల మీద కుప్పకూలాయి. ఊళ్ళోని పెళ్ళిళ్ళన్నీ ఒకే ముహూర్తానికి జరిగినట్టు మోత. విన్నది నేనొక్కదాన్నే.

తర్వాత కోటిలింగం వచ్చాడు, ఒక్కడే. చిక్కిపోయి ఉన్నాడు. నన్ను ఎత్తి, లోపల చూసి, "చాలా పెరిగాయి" అన్నాడు. మంచిదే అనేవాళ్ళు లేరు. రోజంతా ఊడ్చాడు. సాయంత్రం బయటికి వచ్చి నన్ను సగం దించి ఆపాడు. నేనూ ఆగాను. ఎవరూ వంగి రాలేదు. చాలాసేపు ఆగి, అరచెయ్యి పెట్టి మెత్తగా దించాడు. మాణిక్యం సంగతి నాకు తెలిసింది అలాగే.

ఆ తర్వాత ప్రతి సాయంత్రం అంతే, సగంలో ఆగడం. పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళు "పిన్నిగారు కనపట్టం లేదేంటి బాబాయ్?" అని అడిగితే "లోపలుందమ్మా" అనేవాడు. వాళ్ళు వెనక గుడ్డ తెర వైపు చూసి, నడుం వాల్చిందేమో అనుకుని ఊరుకునేవారు. ఆయన అబద్ధమాడలేదు. ఎంత లోపల అన్నది మాత్రం చెప్పలేదు. ఆవిడ పోయింది అన్న మాట ఆవిడ కొట్లో ఆయన ఎలా అంటాడు?

మా పక్క గది యేసుపాదం గారి పెళ్ళికార్డుల ప్రెస్సు. కోటిలింగం కంటే చిన్నవాడు, ఆయన్ని అన్నయ్యా అని పిలుస్తాడు. అరలు పోయాయని తెలిసి తన ప్రెస్సులో కాగితాలు పెట్టుకునే కొత్త ఇనప అరలు పట్టుకొచ్చి మా కొట్లో బిగించాడు. "నాకు కాగితమే లేదు, అరలేం చేసుకుంటాను" అన్నాడు. మేలు చేసి దానికో సాకు కూడా చెప్పేవాళ్ళు ఊరికి నలుగురైనా ఉంటారు.

ప్రభుత్వం చేసిన చట్టం సంగతి మోసుకొచ్చింది కూడా ఆయనే. ఒక పొద్దున పేపరు ఊపుకుంటూ వచ్చాడు.

"అన్నయ్యా, లేపుడు చట్టం పాసైపోయింది!"

"ఎవర్ని లేపుతారంటా?"

"మనల్నే. పడిపోయిన కొట్లన్నిటినీ లేపుతారంట. మహమ్మారి బాధిత వ్యాపార పునరుత్థాన చట్టం. పేరు చదివేతలికి టీ చల్లారిపోయింది."

"మంచిదేగా."

"మంచిదే గానీ, మా లెక్క ప్రకారం పునరుత్థానం మూడో రోజుకి అయిపోవాలి. ఈళ్ళు మూడో ఏటికి గానీ సమాధి రాయి దాకా రాలేదు."

పేపరులో ఉన్నదంతా ఆయన చదివి వినిపించాడు. శాసనసభలో రెండు రోజులు చర్చ జరిగిందట. మొదటి రోజు ఆ పేరు మీద, రెండో రోజు ఆ పేరు పెట్టినది ఎవరన్న దాని మీద. అన్ని పార్టీలూ చిన్న వ్యాపారి వెన్నెముక అన్నాయి. వెన్నెముక కాబట్టి వెనకే ఉంచాం అని ఎవరూ అనలేదు. అసలు సంగతి చివరి పేరాలో ఉంది. మునిసిపల్ కాంప్లెక్సుల్లో ఎవరి కొట్టు మూతపడిందో, ఎవరి సరుకు పోయిందో, ఎవరి లైసెన్సుదారు చనిపోయారో వాళ్ళకు కొట్టు పాత అద్దెకే ఉంటుంది. లైసెన్సు ఇంట్లో మిగిలినవాళ్ళ పేరు మీదికి మారుతుంది. దెబ్బ తినని కొట్లను మాత్రం కొత్తగా వేలం వేస్తారు. వేలమంటే మా కొట్టు దక్కదు. మా ఎదురుగా సెల్‌ఫోన్ల షోరూమువాళ్ళు మా గది మీద అప్పటికే కన్నేసి, గుమ్మం ఎంత వెడల్పో అడుగులేసి చూసుకుని వెళ్ళారు.

"నీకు భయం లేదన్నయ్యా. మూడిట్లో మూడూ నీకున్నాయి," అన్నాడు యేసుపాదం. అలాంటి మాటకు సంతోషించాలో ఏడవాలో తెలియక ఇద్దరూ టీ తాగారు.

నిజమే, మూడూ ఉన్నాయి. చట్టం అడిగేది మూడు మాటలు. ఆ మూడూ మా కొట్లో నిషేధం.

విచారణకు వచ్చిన అధికారిణి పేరు ప్రణతి. చిన్నపిల్ల. తెలుగువాళ్ళే గానీ తండ్రి ఉద్యోగం వల్ల హిందీవాళ్ళ మధ్య భిలాయ్‌లో పుట్టి పెరిగింది. చేతిలో ట్యాబు. ఎండలో ఊరంతా తిరిగి చెమటలు కక్కుతూ వచ్చింది. కోటిలింగం స్టూలు వేసి, మజ్జిగ తెప్పించాడు. యేసుపాదం ఆ పూట కార్డులు ఇవ్వడానికి పొరుగూరు వెళ్ళాడు. ఆయన ఉండి ఉంటే ఈ కథే లేదు.

"మహమ్మారి కాలంలో మీ దుకాణం మూతపడిందా అండీ?"

కోటిలింగం ఉలిక్కిపడి దేవుడి పటం వైపు చూశాడు. "అంత మాట అనకండమ్మా. కట్టేశామండి, అంతే."

"కట్టేశారా? ఎప్పుడు కట్టారు?"

"రెండోసారి వచ్చినప్పుడండి. జొరాలొచ్చిన మర్నాడే కట్టేశాం."

ఆ అమ్మాయి కొత్త ఇనప అరల వైపు మెచ్చుకోలుగా చూసి ఏదో నొక్కింది. "సరుకు తగ్గిందా, అలాగే ఉందా, పెరిగిందా?"

"పెరిగాయండి," అన్నాడు కోటిలింగం తల దించుకుని. "చాలా మటుకు పెరిగిపోయాయండి."

"మంచిదే కదండీ!"

కోటిలింగం తల ఎత్తాడు. ఆ మాట విని ఎన్నాళ్ళయిందో! పెద్దవాళ్ళు పద్ధతులు నేర్పి పెంచిన పిల్ల అనుకుని ఉంటాడు, మొహం విప్పారింది. "మంచిదేనమ్మా, మంచిదే. మా ఆవిడా అలాగే అనేది."

"ఇప్పుడు నిల్వలు ఎలా ఉన్నాయి?"

"నిండుకున్నాయండి. ఎర్రవి, పచ్చవి, సీతాకోకచిలక డిజైన్లు, అన్నీ నిండుకున్నాయి."

"లైసెన్సు మాణిక్యం గారి పేరున ఉంది. ఆవిడ ఏరీ?"

కోటిలింగం గుడ్డ తెర సర్దాడు. "ముందెళ్ళిందండి," అన్నాడు.

"ఫర్వాలేదు. నేను అడిగానని చెప్పండి."

"చెప్తానమ్మా."

ఆ అమ్మాయి మజ్జిగ తాగి, నమస్కారం పెట్టి వెళ్ళింది. ఇద్దరూ తెలుగే మాట్లాడారు. ఒకరి మీద ఒకరికి గౌరవం ఉంది. ఒక్కరూ అబద్ధమాడలేదు. అంత నిజాయితీగా తయారయ్యే ప్రభుత్వ నివేదికలు అరుదుగా ఉంటాయని నా నమ్మకం.

వారం తిరిగేసరికి మునిసిపాలిటీ బంట్రోతు జిగురు డబ్బా పట్టుకుని వచ్చి నా మీద ఒక నోటీసు అంటించాడు. ఈ దుకాణం మహమ్మారి వల్ల దెబ్బ తినకపోగా అభివృద్ధి చెందినందున, వచ్చే నెలలో వేలం వేయబడును. సొట్ట మీద అంటించాడేమో, ఒక మూల గాలికి లేస్తూ ఉంది. కోటిలింగం ఆ మూల చదును చేసి నొక్కాడు. తన కొట్టును ఊడ్చుకుపోయే కాగితమైనా సరే, వంకరగా ఉంటే ఆయన చూడలేడు.

అంతలో ప్రెస్సులోంచి యేసుపాదం ఒక కాగితం పట్టుకుని పరుగున వచ్చాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు.

"అన్నయ్యా, నువ్వేం చెప్పావు ఆ పిల్లకి?"

"ఉన్నదే చెప్పాను."

"ఉన్నదే చెప్పావా! ఇదిగో, మునిసిపాలిటీ ఆర్డరు, కార్డులు కొట్టమని. మహమ్మారిలో కూడా సరుకు పెంచి, నిల్వలు నింపి, కొట్టు కొత్తగా కట్టిన ఏకైక వ్యాపారి అంట. ఆదర్శ మహిళా వ్యాపారి శ్రీమతి మాణిక్యం గారికి టౌన్ హాల్లో సన్మానమంట. చీర పెడతారంట."

కోటిలింగం స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"ఆవిడ పెద్దకర్మ కార్డు నేనే కొట్టాను గదన్నయ్యా," అన్నాడు యేసుపాదం. "పంచడానికి మనుషులు తిరిగే రోజులు కాక ఆ కట్ట నా దగ్గిరే ఉండిపోయింది. అదే పేరుతో ఇప్పుడు సన్మానం కార్డు నేనెలా కొట్టేది?"

"నువ్వెళ్ళి చెప్పు ఆళ్ళకి."

"చెప్పొచ్చాను. ఇంట్లోవాళ్ళు చెప్పాలంట, నేనంటే చెల్లదంట. మూడే ముక్కలు. కొట్టు మూతపడింది, గాజులు పగిలాయి, ఆవిడ..."

"ఒరేయ్! కొట్లో ఉన్నావు."

"అనకపోతే ఈ కొట్టే ఉండదు. కొట్టు లేకపోతే ఇంక ఎక్కడ అనకుండా ఉంటావు అన్నయ్యా?"

అంత తర్కం శాసనసభలో కూడా జరిగి ఉండదు. ఆ సాయంత్రం సగంలో ఆగిన కోటిలింగం ఎంతకీ కదల్లేదు. వీధి దీపాలు వెలిగాక గానీ నన్ను దించలేదు. ఆవిడ మాటా, ఆవిడ కొట్టూ ఆయన ముందున్నాయి. రెంటిలో ఒకటే ఉంటుంది. ఏది పోయినా పోయేది ఆవిడే.

మర్నాడు ప్రణతి వచ్చింది, ఒక సంచిలో చీర పెట్టుకుని. రంగు తనే ఎంచిందట, మామిడిపండు రంగు. పక్క కొట్టులోంచి యేసుపాదం కూడా వచ్చి నిలబడ్డాడు.

"మాణిక్యం గారిని ఒక్కసారి పిలవండి. బ్యానరు మీదికి ఫోటో కావాలి. ఆ నోటీసు గురించి కూడా ఆవిడతో మాట్లాడాలి. అభివృద్ధి చెందినవాళ్ళని ఖాళీ చేయించడమేంటో నాకూ అర్థం కాలేదు. రూలు అలా ఉంది."

"చెప్పన్నయ్యా," అన్నాడు యేసుపాదం.

కోటిలింగం లేచాడు. దేవుడి పటం చూశాడు, గుడ్డ తెర చూశాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినవాడిలా నిటారుగా నిలబడ్డాడు.

"ఇక్కడ కాదమ్మా. ఈదిలోకి రండి."

ఆ అమ్మాయి అర్థం కాక చీర సంచి పట్టుకుని బయటికి నడిచింది. కోటిలింగం వెనకే వచ్చి, పట్టపగలు, బేరాల వేళ, నన్ను కిందిదాకా దించాడు. అంచు నేలకు ఆనిందో లేదో వంగి చూసుకున్నాడు.

"ఇప్పుడడగండి. మొన్న అడిగినవే మళ్ళీ అడగండి. కొట్టుకి ఇనపడదు."

"ఏం అడగాలి? దుకాణం... మూతపడిందా?"

"మూతపడిందండి." చెమట తుడుచుకున్నాడు. "కట్టేశామంటే మూశామని. కట్టడం కాదు."

"సరుకు పెరిగిందన్నారు..."

"పగిలిపోయిందండి. చెదపట్టి అరలు పడిపోయి మొత్తం పగిలిపోయింది. గాజు పగిలితే మేం పెరిగిందంటాం. నిండుకున్నాయంటే లేవని. ఏమీ లేవండి. ఆ అరలు కూడా ఈ యేసుపాదానివి."

ప్రణతి చేతిలో ట్యాబు మీద వేలు అలాగే ఆగిపోయింది. సోడా బండి ఒకటి గంట కొట్టుకుంటూ మా ముందు నుంచి వెళ్ళింది.

"మాణిక్యం గారు?" అంది చివరికి, చాలా మెల్లగా. అప్పటికే తెలిసిపోయినట్టుంది.

కోటిలింగం నా వైపు తిరిగి, నా మీద అరచెయ్యి వేశాడు. లోపలికి వినపడకుండా ఒక మనిషి చెవి మూసినట్టు వేశాడు.

"చచ్చిపోయిందండి," అన్నాడు. "వైశాఖంలో. ఆస్పత్రిలో. నన్ను లోపలికి రానివ్వలేదు."

చీటీల వాళ్ళ రాళ్ళు తిన్న ఒళ్ళు నాది. అయినా ఆ చెయ్యి బరువుగా అనిపించింది. యేసుపాదం తల తిప్పుకుని కాలువ వైపు చూస్తూ నిలబడ్డాడు.

ప్రణతి నా ముందున్న మెట్టు మీద కూర్చుంది, అధికారిణి కూర్చోవలసిన చోటు కాదు. కాసేపటికి అంది:

"మా ఇంట్లో నెలాఖరయ్యేసరికి అమ్మ 'బియ్యం నిండుకున్నాయి' అనేది. మేం చాలా ఉన్నవాళ్ళం అనుకునేదాన్ని. స్కూల్లో అందరికీ చెప్పేదాన్ని కూడా."

యేసుపాదానికి నవ్వాగలేదు. ఆ అమ్మాయీ నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. చివరికి కోటిలింగం కూడా నవ్వాడు. మా కొట్టు ముందు ముగ్గురు మనుషులు అంతగా నవ్వి చాలా కాలమైంది.

"నేను తప్పు రాశానని రాస్తాను," అంది ఆ అమ్మాయి లేస్తూ.

"నీ ఉద్యోగానికి ఇబ్బంది కాదూ?"

"తెలుగు నేర్చుకోమంటారు. నేర్చుకుంటాను."

కోటిలింగం నన్ను ఎత్తాడు. ఆ అమ్మాయి లోపలికి వచ్చి, ఉన్న వాటిలోంచే గాజులు వెయ్యమంది. ఆయన చెయ్యి పిసికి, బొటనవేలు మడిచి, ఒక్కొక్కటే ఎక్కించాడు. చివరి గాజు టప్పుమంది.

"అయ్యో, పగి..." అని ఆగింది. నాలుక కరుచుకుంది. "పెరిగిందండీ."

"మంచిదే," అన్నాడు కోటిలింగం.

ఆ తర్వాతి సంగతులు చట్టానికి సంబంధించినవి కాబట్టి అంత ముఖ్యమైనవి కావు. కొంత ఆలస్యంగానే అయినా నోటీసు రద్దయింది, లైసెన్సు కోటిలింగం పేరు మీదికి మారింది. నోటీసు చింపితే కాగితంతో పాటు నా రంగు కూడా ఊడింది. సెల్‌ఫోన్లవాళ్ళు వేరే చోట గుమ్మం కొలుచుకున్నారు. సన్మానం మాత్రం ఆగలేదు. టౌన్ హాలు తీసుకున్నారు, మైకులు పెట్టారు, అతిథులు బయల్దేరారు. సన్మానించడానికి మనిషి లేకపోయేసరికి ఆ చట్టం ప్రతినే వేదిక మీద పెట్టి శాలువా కప్పారట. కార్డులు యేసుపాదమే కొట్టాడు. పునరుత్థానం అన్న మాటలో ఒక ఒత్తు పోయిందని, అయినా ఎవరూ గమనించలేదని వచ్చి చెప్పాడు. మామిడిపండు రంగు చీరను లెక్కల్లో వెనక్కి తీసుకునే పద్ధతి లేదని ప్రణతి కోటిలింగానికే ఇచ్చి వెళ్ళింది. అది గుడ్డ తెర వెనక స్టూలు మీద మడత విప్పకుండా ఉంది. ఎవరైనా "పిన్నిగారేరీ?" అని అడిగితే ఆయన ఇప్పుడు కూడా లోపలుందమ్మా అనే అంటాడు. కొట్లో అడిగితే అదే జవాబు. వీధిలో అడిగినవాళ్ళకు మాత్రం వీధి జవాబు చెబుతాడు. తడబడకుండా చెబుతాడు.

మాటలు మార్చి చెప్పుకోవడం మనుషుల బలహీనత అని నేను అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోను. శాసనసభలో మూతపడటాన్ని పునరుత్థానం అన్నారు, మాణిక్యం కొట్లో పగలడాన్ని పెరగడం అన్నారు. ఈ రెండూ ఒకటి కాదని మాత్రం తెలుసు. ఎలా తెలుసంటే, ఇనుముకు కూడా కొన్ని తెలుస్తాయి.

ప్రణతి గాజులు వేయించుకుని వెళ్ళిన రోజు సాయంత్రం నాకు బాగా గుర్తు. కోటిలింగం దీపానికి దణ్ణం పెట్టుకుని, లైటు ఆర్పి బయటికి వచ్చాడు. నన్ను పట్టుకుని కిందికి లాగాడు. ఇవాళ ఆగడేమో అనుకున్నాను. చట్టం ముందూ వీధి ముందూ ఆవిడ లేదని తేలిపోయింది కదా. చెప్పింది ఆయన నోటితోనే కదా.

సగంలో ఆగాడు.

కొట్టుకు ఇంకా తెలియదు. నేనూ చెప్పలేదు. నాకు రెండు వైపులా చెవులున్నాయి గానీ నోరు లేదు.

ఒక మనిషి వంగి బయటికి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగాడు. తర్వాత నా కింద అరచెయ్యి ఆనించి, "కట్టేస్తున్నానే" అని, చప్పుడు కాకుండా దించి తాళం వేశాడు.